దొరగారి కోఠీ, ఆడపిల్లల కాలేజీ

మన ఆడవాళ్ళకి ఒక గుణం ఉంది. పాతబడిన వస్తువుని పారెయ్యడానికి చెయ్యి రాదు. అమ్మ పెళ్ళినాటి పట్టుచీర కుచ్చిళ్ళ దగ్గర చీకిపోయిందనుకోండి, పెద్దపిల్లకి పరికిణీ కుట్టిస్తాం. అది ఎదిగిపోతే చిన్నదానికి జాకెట్టవుతుంది. చివరికి మిగిలిన జరీ అంచు దేవుడి పీట మీదికి చేరుతుంది. హార్లిక్స్ సీసా ఖాళీ అయితే ఆవాలు పోస్తాం, బిస్కట్ల డబ్బా ఖాళీ అయితే సూదీ దారం పెట్టుకుంటాం. మగవాళ్ళు చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్ళకి కావలసిన గుండీ దొరికేది మళ్ళీ ఆ డబ్బాలోనే.

ప్రభుత్వాలకి కూడా ఒక్కోసారి ఇదే సమస్య వస్తుంది. ఒక రాజ్యం పోయి మరో రాజ్యం వస్తే, పోయినవాళ్ళు మూటా ముల్లే సర్దుకుని వెళ్ళిపోతారుగాని ఇళ్ళు మొయ్యలేరు కదా! అవి అక్కడే మిగిలిపోతాయి. వచ్చినవాళ్ళు ఏం చేస్తారు? మామూలుగా అయితే రెండే పనులు. ఏదో ఒక ఆఫీసు పెట్టి ఫైళ్ళు పేర్చడం, లేకపోతే తాళం పెట్టి ఆ తాళంచెవి పోగొట్టుకోవడం. మూడోపని చెయ్యాలంటే కొంచెం ఆడవాళ్ళ బుద్ధి కావాలి. హైదరాబాదులో ఒకచోట, ఒకే ఒక్కసారి, ఆ బుద్ధి పుట్టింది. ఆ సంగతి చెబుదామనే ఇదంతా.

మీలో హైదరాబాదు వెళ్ళినవాళ్ళెవరైనా కోఠీ ఎరుగుదురు. ఎరక్కపోవడమేం, సుల్తాన్ బజారులో చీరలకీ గాజులకీ బేరమాడి, బడీచౌడీలో కూరలు కొనుక్కుని, చేతులు పడిపోయేలా సంచులు మోసుకుంటూ బస్సుకోసం నిలబడేది కోఠీలోనే. మరి ఆ పేరెక్కడిదని ఎప్పుడైనా ఆలోచించారా? నేనైతే పదిహేనేళ్ళపాటు ఆలోచించలేదు. కోఠీ అంటే పెద్ద భవంతి. ఏ భవంతి పేరుమీద ఆ పేట వెలిసిందో ఆ భవంతి బస్సులు ఆగేచోటుకి ఎదురుగా, గోడ వెనకాల, చెట్ల చాటున ఉంది. ఆ గోడమీద ఆడపిల్లల కాలేజీ అని రాసి ఉండబట్టి, లోపల ఏముందో మనకి తట్టదు.

నాకు చెప్పింది మావారి మేనత్త. ఆవిడ ఆ కాలేజీలో 1953లో చేరిందట. నేను గుంటూరు జిల్లానుంచి కోడలిగా వచ్చినదాన్ని, ఆవిడ మాట మొదట్లో నాకు సగమే అర్థమయ్యేది. "ఏ కాలేజీ అత్తమ్మా మీది?" అని అడిగితే, "కాలేజి కాదు బిడ్డా, అది కోట. సింహాల మీద చెయ్యేసి ఫొటోలు దిగేటోళ్ళం మేము" అంది. నేను సర్కసు సింహాలనుకుని నోరు తెరిచాను. అవి రాతి సింహాలు. ముఖద్వారం దగ్గర మెట్లకి అటొకటి ఇటొకటి కాపలా కూర్చుని ఉంటాయి.

ఆ ఇంటి కథ 1798లో మొదలవుతుంది. ఆ ఏడు ఇంగ్లీషు కంపెనీ వాళ్ళ తరఫున జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ అనే ఆయన నిజాం దర్బారులో రెసిడెంటు అయ్యాడు. రెసిడెంటు అంటే పేరుకి రాయబారి. కానీ కొడుకు పెళ్ళయ్యాక ఇంట్లో తిష్టవేసిన వియ్యపురాలిని చూశారా, మాట మెత్తగానే ఉంటుంది, పెత్తనం మాత్రం ఆవిడదే. అలాంటి రాయబారం. ఆ 1798లోనే నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సైన్యాన్ని నిరాయుధం చేయించి, ఇంగ్లీషు సైన్యాన్ని నిజాం ఖర్చుతో పోషించే ఒప్పందం అమలు చేశారు. ఆ ఖర్చు కిందనే 1800లో కడప, బళ్ళారి ప్రాంతాలు కంపెనీకి ధారాదత్తం అయ్యాయి. దత్తమండలాలు అని మన పెద్దవాళ్ళు అంటుండేవారే, అవి. ఆ ఒప్పందం నడిపిన మనిషి ఈ కిర్క్‌పాట్రిక్కే. అంచేత కడప ఆడపడుచులు కూడా ఈ కథలో తమకేం సంబంధం అని పక్కకి తప్పుకోడానికి వీల్లేదు.

రెసిడెంటుకి హోదాకి తగ్గ ఇల్లు కావాలి. మూసీకి దక్షిణాన నిజాంగారి నగరం, ఉత్తరపు ఒడ్డున తోటలు. ఆ తోటల్లో దాదాపు 60 ఎకరాల మేర ఇల్లు కట్టుకుంటానని అడిగాడు. ఇక్కడొక కథ చెప్పుకుంటారు. స్థలం పటం గీయించి తీసుకెళ్ళాడట. ఇంగ్లీషువాళ్ళ పద్ధతి కదా, శ్రద్ధగా పెద్ద కాగితం మీద వేయించాడు. నిజాం అలీఖాన్ అది విప్పి చూసి తల అడ్డంగా ఊపాడట. పాపం, తన రాజ్యం మొత్తం పటం కూడా ఆయన అంత పెద్ద కాగితం మీద ఎప్పుడూ చూడలేదు. ఇంత భూమి ఎలా ఇస్తానన్నాడు. ఎవరో రహస్యం చెవిలో ఊదారు. మళ్ళీ అదే పటాన్ని అరచేతిలో పట్టే చిన్న అట్టముక్క మీద గీయించి పట్టుకెళ్ళేసరికి, ఓస్ ఇంతేనా అని ఒప్పుకున్నాడట. బట్టలకొట్లో వెడల్పు పన్నా చూపించి మీటరు మోసం చేసేవాళ్ళు మనకి కొత్త కాదుగాని, అంతటి నవాబుని అట్టముక్కతో పడగొట్టడం చూస్తే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఇంటికి సొమ్ము కూడా నిజాం ఖజానాదే.

1803లో పని మొదలైంది. ఆ ఏడే నిజాం అలీఖాన్ కాలం చేశాడు. మద్రాసు ఇంజనీర్లలో లెఫ్టినెంటు శామ్యూల్ రసెల్ అనే ఆయన నమూనా గీశాడు. ముందువైపు ఆరు మహా స్తంభాలు, పైన త్రికోణపు నుదురు, దానిమీద కంపెనీ వారి చిహ్నం, ఇరవైకి పైగా విశాలమైన మెట్లు, లోపల రెండంతస్తుల ఎత్తున దర్బారు హాలు, ఒకటిగా మొదలై రెండుగా చీలి పైకి వెళ్ళే మెట్లదారి. వాషింగ్టన్‌లో అమెరికా అధ్యక్షుడుండే తెల్ల ఇంటితో పోలుస్తారు అందరూ. రెండూ ఇంచుమించు ఒకే కాలంలో, ఒకే రకం పుస్తకాలు చూసి కట్టినవి కాబట్టి పోలిక ఉంటే వింతేం లేదు. వింతంతా ఆ పాశ్చాత్య సొగసుని డంగు సున్నంతో మన మేస్త్రీలు, మన కూలీలు మూసీ ఒడ్డున నిలబెట్టడం.

ఇక ఆ ఇంటి ఇల్లాలు. ఆవిడ పేరు ఖైరున్నీసా. పెద్ద ఇంటి పిల్ల, నిజాం దివాను మీర్ ఆలంకి బంధువు. అక్కగారి పెళ్ళిలో పరదా చాటునుంచి ఈ దొరని చూసింది. ఆ తరవాత జరిగిందంతా ఒక నవలకి సరిపోతుంది. కిర్క్‌పాట్రిక్ మతం మార్చుకుని ఆవిణ్ణి పెళ్ళి చేసుకున్నాడు. కలకత్తాలో గవర్నర్ జనరల్ మండిపడ్డాడు, విచారణలు జరిపించాడు. అయినా ఆయన వదల్లేదు. ఈ కథంతా విలియం డాల్రింపుల్ 2002లో ఒక లావుపాటి పుస్తకంగా రాశాడు, చదివే ఓపికుంటే దొరుకుతుంది. నాకు మాత్రం ఆ పుస్తకంలోని ప్రేమకంటే ఒక చిన్న విషయం మనసులో గుచ్చుకుంది.

భర్త కట్టిస్తున్న మహాభవనం ఆవిడ చూడలేదు. ఘోషా కదా! ముందుభాగంలో దొరలు, సిపాయిలు, దర్బారు మనుషులు. ఆవిడకి వెనకవైపు రంగమహల్ అని వేరే జెనానా. అందుకని ఆవిడ చూసుకోవడం కోసం ఆ భవనం నమూనాని, స్తంభాలూ మెట్లతో సహా, బొమ్మరిల్లులా జెనానా తోటలో కట్టించాడని చెప్పుకుంటారు. మొగుడు అసలు ఇంటి మెట్లెక్కి దర్బారులో కూర్చుంటే, పెళ్ళాం వెనకతోటలో బొమ్మ ఇంటి చుట్టూ తిరిగి, ఇక్కడ ఆయన కూర్చుంటారు కాబోలు, ఇక్కడ దీపాలు పెడతారు కాబోలు అనుకోవాలన్నమాట! ఆ బొమ్మ ఇల్లు ఇప్పటికీ ఉంది. రంగమహల్‌ని మాత్రం తరవాతి రెసిడెంట్లు ఉండనివ్వలేదు, కూల్చేశారు. ఆడవాళ్ళుండిన చోటు పోయి, వాళ్ళ ఆటబొమ్మ మిగిలింది.

ఆవిడ కథ మంచిగా ముగియలేదు. 1805లో ఇద్దరు పిల్లల్నీ చదువుకని ఇంగ్లండు ఓడ ఎక్కించారు. పిల్లాడికి నాలుగేళ్ళు, పిల్లకి మూడు. ఓడ ఎక్కేముందు మద్రాసులో చిన్నరీ అనే చిత్రకారుడు వాళ్ళ బొమ్మ వేశాడు. ఆ అక్టోబరులోనే కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో జబ్బుచేసి చనిపోయాడు. తండ్రి పోయాడు, పిల్లలు సముద్రం మీద. ఆ తరవాత ఖైరున్నీసా జీవితంలోకి మరో ఇంగ్లీషు ఉద్యోగి వచ్చి, మాటిచ్చి, బందరులో వదిలేసి పోయాడు. అవునండీ, మన బందరే. హైదరాబాదులో అడుగుపెట్టనివ్వక, ఆ ఉప్పుగాలి ఊళ్ళో ఏళ్ళు గడిపింది పాపం. చివరికి హైదరాబాదు చేరినా ఎక్కువకాలం బతకలేదు. 1813లో పోయింది, ఇరవై ఏడేళ్ళ వయసు. కూతురు కిట్టీ ఇంగ్లండులోనే పెరిగి, పెళ్ళాడి, 1889 దాకా బతికింది. ముప్పై ఏళ్ళు దాటాక హైదరాబాదులో ఉన్న అమ్మమ్మకి ఉత్తరాలు రాసింది. అమ్మమ్మ ఫారసీలో చెప్పి రాయించేది. ఒకరినొకరు మళ్ళీ చూసుకోలేదు.

అలాంటి ఇల్లది. ఆ తరవాత నూట నలభై ఏళ్ళు ఒకరి తరవాత ఒకరు రెసిడెంట్లు అందులో కాపురమున్నారు. వాళ్ళ పేర్లు చెప్పి మిమ్మల్ని విసిగించను. ఒక్క రాత్రి సంగతి మాత్రం వదలకూడదు. 1857 జూలై 17న, తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో జనం ఆ ఇంటిమీద దండెత్తారు. పుత్లీబౌలి వైపు రెండిళ్ళు పట్టుకుని రాత్రంతా కాల్పులు సాగించారు. తెల్లారేసరికి రెసిడెన్సీ ఫిరంగులదే పైచేయి అయింది. మౌల్వీని అండమాన్ పంపారు. తుర్రేబాజ్ ఖాన్‌ని 1859లో తూప్రాన్ దగ్గర కాల్చి చంపారు. ఆ వీరుల స్మారకస్తంభం ఇప్పుడు మనం బస్సుకోసం ఎదురుచూసే చోటే ఉంది. సంచులు కింద పెట్టి ఒకసారి తలెత్తి చూడండి ఈసారి. ఆ దాడి తరవాతే కోఠీ చుట్టూ గోడలు బలపడ్డాయి. ఆ గోడల పుణ్యమా అని తరవాత కాలంలో తల్లిదండ్రులు ఆడపిల్లల్ని ధైర్యంగా పంపారని మా అత్తమ్మ అనేది. "తుర్రేబాజ్ ఖాన్‌కి భయపడి దొరలు కట్టిన గోడ, మాకు ఘోషాకి పనికొచ్చింది" అని నవ్వేది.

ఇంగ్లీషువాళ్ళు పోయే రోజు వచ్చింది. 1947 ఆగస్టులో రెసిడెంటు ఉద్యోగమే రద్దయింది. ఆ ఉద్యోగం లేకపోతే ఆ ఇల్లెందుకు? అప్పట్లో నిజాం ప్రభుత్వం వేరు, ఇండియా ప్రభుత్వం వేరు. యథాతథ ఒప్పందం కింద 1948 జనవరిలో ఇండియా తరఫున ఏజంటు జనరల్‌గా వచ్చిన కె.ఎం.మున్షీగారు కూడా ఆ కోఠీలో దిగలేదు, బొల్లారంలో ఉన్నారు. పాత పెత్తనానికి గుర్తయిన ఇంట్లో ఢిల్లీ మనిషిని చూడటం నిజాంకి ఇష్టం లేదు మరి. అలా ఆ మహాభవనం ఎవరికీ అక్కరకు రాక ఖాళీగా పడి ఉంది. దీపాలార్పిన దర్బారు, గబ్బిలాలు, తోటలో గడ్డి. సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి సంస్థానం ఇండియాలో కలిసింది. కలిసినతరవాత ఖాళీ ఇళ్ళకి ఎప్పుడూ లేనంత గిరాకీ వచ్చి ఉంటుంది, కొత్త ప్రభుత్వానికి ఆఫీసులు కావాలి, ఆఫీసర్లకి బంగళాలు కావాలి. అలాంటి సమయంలో 1949లో ఆ ఇంటిని ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి ఆడపిల్లల కాలేజీకి ఇచ్చారు.

ఇది ఎంత మాటో తెలియాలంటే ఆ రోజుల్లో హైదరాబాదులో ఆడపిల్లల చదువు సంగతి కొంత తెలియాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది 1918లో. బోధనంతా ఉర్దూలో. ఆడపిల్లలకని కాలేజీ 1924లో వచ్చింది. పరదా కట్టిన బళ్ళలో వచ్చి, పరదా చాటున చదువుకుని పోవడం. అదైనా అందరికీ కాదు. తెలుగు ఇళ్ళ పిల్లలకి ఇంట్లో మాట తెలుగు, బడిలో మాట ఉర్దూ. మాడపాటి హనుమంతరావుగారు పట్టుబట్టి 1928లో తెలుగులో చదువు చెప్పే బాలికల పాఠశాల పెట్టారు. మరి ఆ పిల్లలు పరీక్షకి ఎక్కడికి వెళ్ళాలి? ఉన్న ఊళ్ళో విశ్వవిద్యాలయం ఉన్నా పనికిరాలేదు. కార్వేగారు మహారాష్ట్ర దేశంలో పెట్టిన మహిళా విశ్వవిద్యాలయం ద్వారా మెట్రిక్ రాశారు. హైదరాబాదు నగరంలో పుట్టి, తెలుగు మాట్లాడినందుకు, మరాఠీవారి అండన పరీక్ష రాయవలసి వచ్చిందంటే చూడండి!

అంత ఇరుకులో పెరిగిన చదువుకి, రాత్రికి రాత్రే ఆరు స్తంభాల వాకిలి దొరికింది. సంస్థానం మారింది, చదువు భాష మారింది, పరదాలు పలచబడ్డాయి, ఇల్లు విశాలమైంది. అన్నీ రెండేళ్ళలో.

మా అత్తమ్మ చెప్పేది. వాళ్ళ నాయన నల్గొండ జిల్లాలో పట్వారీ. ఊళ్ళోవాళ్ళంతా ఆడపిల్లని పట్నం పంపిస్తావా అని అడిగితే, "ఏ సందుల్నో కాదు, దొరగారు కూసున్న కోఠీల సదువుతది" అని మీసం దువ్వుకున్నాడట. ఈ మాట విన్నప్పుడు నాకు మొదట నవ్వొచ్చింది, తరవాత ఆలోచన వచ్చింది. ఒక ఇరుకు సందులో అద్దె ఇంట్లో కాలేజీ ఉండి ఉంటే ఆయన పంపేవాడా? ఆ స్తంభాలు చూసి ఎంతమంది తండ్రులు మెత్తబడ్డారో! దొర తన గొప్పకోసం కట్టుకున్న దర్పం, చివరికి మన పిల్లల పెళ్ళిళ్ళు నాలుగేళ్ళు వాయిదా వేయించడానికి పనికొచ్చింది.

"మొదటిరోజు మెట్లెక్కేటప్పుడు కాళ్ళు వణికినయ్ బిడ్డా. చెప్పులు ఇడిసిపెట్టాల్నా వద్దా అని తెల్వలే. నా ఎనక ఒక పిల్ల నిజంగనే ఇడిసిపెట్టింది" అనేది అత్తమ్మ. వారం తిరిగేసరికి ఆ మెట్లమీదే కూర్చుని టిఫిను డబ్బాలు విప్పుకున్నారట. సింహం వీపుమీద పుస్తకాలు ఆనించుకుని నోట్సు రాసుకున్నారట. దర్బారు హాల్లో సభ జరిగితే, పైన వసారాలోకి పరుగెత్తి అక్కడినుంచి కిందికి చూసేవాళ్ళట. ఖైరున్నీసా ఒక్కసారైనా చూడాలని కోరుకుని ఉంటుందనిపించే చోటినుంచే. అయితే అత్తమ్మకి ఆ రోజుల్లో ఖైరున్నీసా అనే మనిషి ఉన్నట్టే తెలియదు. ఎవరూ చెప్పలేదట. బొమ్మ ఇంటి దగ్గర గడ్డి ఎదిగి ఉండేది, పాములుంటాయని ఎవరూ పోయేవాళ్ళు కారట.

ఇక్కడ రెండో ఇంటి మాట కూడా చెప్పాలి. రెసిడెంటుగారికి ఊరవతల బొల్లారంలో మరో బంగళా ఉండేది, 1860లో కట్టింది. దానికేమైంది? అది రాష్ట్రపతి నిలయం అయింది. ఏడాదిలో కొద్దిరోజులు రాష్ట్రపతి వచ్చి ఉంటారు. 2023 నుంచి ఏడాది పొడుగునా మనల్ని కూడా చూడనిస్తున్నారు, సంతోషమే. కానీ ఆలోచించండి, ఒకే మనిషి వదిలిపోయిన ఇళ్ళు రెండు. ఒకటి దేశంలోకెల్లా పెద్దాయనకి వెళ్ళింది, ఒకటి పట్వారీ కూతురికి వెళ్ళింది. రెండింట్లో ఎక్కువ పనిచేసిన ఇల్లు ఏదంటే నేను జంకకుండా చెబుతాను. నలభై గదుల ఇల్లున్నా కొద్దిరోజులే పొయ్యి వెలిగితే ఆ ఇంటి ఇల్లాలిగా నాకు సంతోషం ఉండదు.

అయితే అంతా చల్లగా సాగిందనుకునేరు. ఏనుగునిచ్చి మేత ఇవ్వడం మరిచిపోయినట్టు ఉంది ఆ సంగతి. కాలేజీకి జీతాలకి డబ్బొస్తుంది, సుద్దముక్కలకి వస్తుంది, ప్రయోగశాలకి గాజుగొట్టాలు వస్తాయి. నూటయాభై ఏళ్ళ పైకప్పుకి ఏ పద్దు కింద డబ్బొస్తుంది? వానొస్తే కారుతుంది. కారినచోట సిమెంటు పూస్తారు. పాత డంగు సున్నం గోడ గాలి పీల్చుకునే రకం, తడి పట్టినా మెల్లగా వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూశారంటే లోపలి తడికి బయటికి దారి ఉండదు, గోడ లోలోపలే కుళ్ళుతుంది. ఉడుకుతున్న అన్నం మీద మూత బిగించినట్టు. పైగా వందలమంది ఆడపిల్లలు రోజూ ఎక్కి దిగే మెట్లు. ఫ్యాన్ల కోసం కొక్కేలు, నల్లబల్లల కోసం మేకులు, తీగలు. గదులు చాలక ఆవరణలో కొత్త భవనాలు లేచాయి, తరగతులు మెల్లమెల్లగా అందులోకి మారాయి. పాత కోఠీ ఖాళీ అయింది. ఖాళీ అయ్యాక ఇంకా త్వరగా పాడయింది. మనిషి అలికిడి లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊళ్ళో మన తాతగారి ఇల్లు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

కొందరు పెద్దలు, అసలు అంతటి చారిత్రక భవనాన్ని కాలేజీకి ఇవ్వడమే తప్పంటారు. అమ్మాయిలు పాడుచేశారంటారు. నేనొప్పుకోను. 1949లో ఆడపిల్లలు వెళ్ళకపోయి ఉంటే ఆ ఇల్లు మరో ఆఫీసు అయ్యేది, చెక్క గోడలు పెట్టి దర్బారు హాలుని పదహారు గదులు చేసేవాళ్ళు. లేదా ఎవరో ఆ నేల విలువ లెక్కకట్టి కూల్చేసేవాళ్ళు. సుల్తాన్ బజారు నడిబొడ్డున గజం ధర ఎంతో మీకూ తెలుసు. రంగమహల్‌ని కూల్చింది ఆడపిల్లలు కాదు కదా! వాళ్ళు మేకులు కొట్టి ఉండవచ్చు, గోడమీద పేర్లు గీకి ఉండవచ్చు. కానీ ఆ ఇల్లు నిలబడి ఉన్నదంటే అందులో రోజూ గంట మోగినందువల్లే. తప్పంతా వాడినవాళ్ళది కాదు, ఇచ్చి చేతులు దులుపుకున్నవాళ్ళది.

సరే, మొరపెట్టుకోగా పెట్టుకోగా బయటివాళ్ళ చెవిన పడింది. న్యూయార్కులో ఉండే వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ అనే సంస్థ, ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితా ఒకటి వేస్తుంటుంది. 2002లో ఆ జాబితాలో మన కోఠీ కాలేజీ ఎక్కింది. ఇలాంటి జాబితాలోకెక్కడం గర్వపడే విషయమో సిగ్గుపడే విషయమో నాకిప్పటికీ తేలలేదు. విరాళాలొచ్చాయి, బొమ్మ ఇల్లు బాగుపడింది, పాత పద్ధతిలో సున్నం పనివాళ్ళు వచ్చారు. పని ఏళ్ళతరబడి సాగింది. ప్రధాన భవనం మళ్ళీ ముస్తాబై జనం చూడటానికి తెరుచుకున్నది 2023లో. ఈలోగా 2022లో ఆ కాలేజీయే తెలంగాణ మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెడుతున్నట్టు ప్రకటించారు. నాలుగెకరాల పంట కోసం దొరలతో కలబడిన మనిషి ఐలమ్మ. అట్టముక్క చూపించి అరవై ఎకరాలు పట్టేసిన దొర ఇంటికి ఆవిడ పేరు! చరిత్ర ఇలాంటి పనులు చేసినప్పుడు నాకు దాన్ని పిలిచి ఒక కప్పు కాఫీ ఇవ్వాలనిపిస్తుంది.

మా అత్తమ్మ ఆ ముస్తాబు చూడలేదు. అంతకు చాలా ముందే వెళ్ళిపోయింది. కానీ మరమ్మతులు సాగుతున్న రోజుల్లో ఒకసారి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. మోకాళ్ళ నొప్పులు, చేతిలో కర్ర. స్తంభాల చుట్టూ కర్రల చట్రం కట్టి ఉంది. పనివాళ్ళు సున్నం కలుపుతున్నారు. చౌకీదారు దగ్గరికొచ్చి, ఎవరమ్మా మీరు, లోపల ఏం పని అని మర్యాదగానే అడిగాడు. అత్తమ్మ కర్ర నేలమీద ఆనించి నిలబడి, "ఏం పని ఏంది? ఇది మా కాలేజి" అంది. ఆ గొంతు విన్నాక అతను ఇంకో మాట అడగలేదు, కుర్చీ తెచ్చి వేశాడు.

ఆవిడ కుర్చీలో కూర్చోలేదు. సింహం దగ్గరికి నడిచి, దాని వీపుమీద చెయ్యి వేసింది. ఎండకి రాయి కాలుతోంది కాబోలు, కొంగు అడ్డం పెట్టుకుంది. నేను బొమ్మ ఇల్లు ఎక్కడుందో చౌకీదారుని అడిగి ఆవిణ్ణి అక్కడికి నడిపించాను. ఖైరున్నీసా కథంతా చెప్పాను, పుస్తకంలో చదివినంతా. నడుము ఎత్తున ఉన్న ఆ చిన్న స్తంభాల్ని, చిన్న మెట్లని వంగి చాలాసేపు చూసింది. "గింత దగ్గరగ ఉండి, లోపల్కి పోనియ్యలేదా ఆ పిల్లని?" అంది.

"పోనివ్వలేదు అత్తమ్మా."

"మేము రోజూ పోయినం" అంది. ఇంకేం అనలేదు.

బయటికొచ్చాక ఆటో ఎక్కుదామంటే వినలేదు. బడీచౌడీలో చింతచిగురు వచ్చి ఉంటుందని, కాలేజీ రోజుల్లో శనివారం శనివారం కొని ఇంటికి పట్టుకుపోయేదాన్నని, ఇంతదూరం వచ్చి కొనకుండా ఎట్ల పోతామని పట్టుబట్టింది. కర్ర నాచేతికిచ్చి, తనే ఒంగి, కూరలవాడితో పది నిమిషాలు బేరమాడింది.